ఒక వంతు భయానికి

1988వ సంవత్సరం జూన్ నెల ఇరవయ్యవ తేదీ, సోమవారం ఉదయం, మన జలరవాణా కార్యాలయపు మోటారు షెడ్డులో సహాయ మెకానిక్కుగా చేరిన ఒక సన్నపాటి యువకుడు, చేరిన కాసేపటికే పైఅధికారిని ఒక ప్రశ్న అడిగారు. "సార్, నడినీళ్లలో పెట్రోలు అయిపోతే ఏం చేస్తారండీ?" అధికారి నవ్వి, "అయిపోదులేవయ్యా" అన్నారు. ఆ జవాబు వారికి అప్పుడూ నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన మోటారు షెడ్డు పర్యవేక్షకులు, మనందరం ప్రేమగానూ ఒకింత వెటకారంగానూ 'మూడోవంతుగారు' అని పిలుచుకునే ఆ పెద్దమనిషి, తమ వృత్తిజీవితాన్నంతటినీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిప్పారంటే అతిశయోక్తి కాదు.

ఇటువంటి అభినందన సంచికల్లో విరమణ పొందుతున్నవారి ధైర్యసాహసాలను, మొక్కవోని స్థైర్యాన్ని కొనియాడటం పరిపాటి. మూడోవంతుగారి విషయంలో ఆ వెసులుబాటు మనకు లేదు. వారు ధైర్యవంతులు కారు. ఆ సంగతి దాచుకోవాలని వారు ఏనాడూ ప్రయత్నించలేదు కూడా. గాలి కాస్త దిక్కు మారితే వారి ముఖం మారేది. బోటు రావలసిన వేళకు రాకపోతే వారి టీ చల్లారిపోయేది. అయినా, ఇన్ని దశాబ్దాలుగా దీవులకు ఉపాధ్యాయులను, నర్సులను, మందుల పెట్టెలను మోసుకెళ్లిన మన చిన్న బోట్లన్నీ సురక్షితంగా రేవు చేరాయంటే, ఆ ఘనతలో సింహభాగం ఆ భయానికే దక్కాలి. కనుక ఈ వ్యాసాన్ని ఒక మనిషికీ, ఆయన పడిన భయానికీ కలిపి చేస్తున్న సన్మానంగా పాఠకులు స్వీకరించాలని మనవి.

ఉద్యోగంలో చేరిన రెండో ఏట, వానలు వెనకబట్టిన ఒక మధ్యాహ్నం, మరమ్మతు చేసిన బోటును పరీక్షించడానికి బోటు నడిపే అప్పటి సరంగుతో కలిసి వారు బయలుదేరారు. ఆ సరంగుకు పెట్రోలు కొలవడం కంటే ఊహించడం ఇష్టం. క్యానును కాలితో కదిపి, లోపలి చప్పుడు విని, "బోలెడుంది" అనేవాడు. ఆ రోజూ అలాగే అన్నాడు. నది వెళ్లి సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మోటారు ఆగాక వచ్చే ఆ నిశ్శబ్దం గురించి మూడోవంతుగారు తరవాతి కాలంలో ఎందరికో చెప్పబోయి, ప్రతిసారీ సగంలోనే ఊరుకున్నారు. అంతవరకూ వినిపించని నీళ్ల చప్పుడు ఉన్నట్టుండి చెవుల్లో పడటం, రేవులోని ఇళ్లు చూస్తుండగానే చిన్నవైపోవడం, ఎంత తెడ్డు వేసినా బోటు వెనక్కే పోవడం, పెద్దదిక్కు అనుకున్న సరంగు తనవంకే చూడటం, ఇవన్నీ ఆ సగంలోనివే. మిగతా సగం వారి ముఖం చూసి మనం తెలుసుకోవలసిందే.

దైవికంగా ఒక చేపల బోటు వారిని చూసి, తాడు కట్టి లాక్కొచ్చింది. ఇల్లు చేరిన మూడోవంతుగారు జ్వరంతో మంచం పట్టారు. లేచాక బదిలీ అడుగుతారని అందరూ అనుకున్నారు. వారు మూడు క్యాన్లు అడిగారు. మూడూ ఒకే పరిమాణంలో ఉండాలన్నారు. ఒకదానికి స్వహస్తాలతో ఎర్రరంగు వేశారు. "ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు భయానికి" అన్నది అప్పుడు వారు పెట్టిన నియమం. "భయానికి కూడా వంతేమిటయ్యా, అదేమైనా పెట్రోలు తాగుతుందా?" అని ఎగతాళి చేసినవారు లేకపోలేదు. "అది తాగకూడదనేగా సార్ నా బాధంతా" అనేవారు వారు. ఎర్ర క్యాను ముట్టకుండా తిరిగొస్తే ఆ ప్రయాణం సవ్యంగా జరిగినట్టు. ముట్టుకుని వస్తే ఎందుకు ముట్టవలసి వచ్చిందో మర్నాడు షెడ్డులో విచారణ జరిగేది. వారి అసలు పేరు మరుగున పడి, 'మూడోవంతుగారు' స్థిరపడింది ఆ రోజుల్లోనే.

అయితే క్యాన్లతో కుదుటపడే భయం కాదది. షెడ్డు బాధ్యతలు చేపట్టిన తరవాత వారి దృష్టి నీళ్ల కిందికి దిగింది. బోటు వెనక తగిలించే మోటారు ఎంత పెట్రోలు తాగుతుందన్నది చాలావరకు దాని అడుగున తిరిగే ప్రొపెల్లరే నిర్ణయిస్తుందనీ, ఎవరి కంటికీ కనిపించని ఆ మూడు రెక్కల సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదనీ వారు గ్రహించారు. ప్రతి ప్రొపెల్లరు మీదా రెండు అంకెలు ఉంటాయి. మొదటిది దాని వెడల్పు. రెండవది, చెక్కలోకి స్క్రూ దిగినట్టుగా, ఒక చుట్టు తిరిగితే అది ఎంత ముందుకు తొలుచుకుపోవాలో చెప్పే లెక్క. ఆ రెండో అంకె పెద్దదైతే ఖాళీ బోటు రివ్వుమని దూసుకుపోతుంది. అదే బోటులో మనుషులనూ సామాన్లనూ నింపితే, టాప్ గేరులోనే గట్టు ఎక్కబోయిన లారీలాగా మోటారు మూలుగుతుంది. తిరగవలసినన్ని చుట్లు తిరగలేదు గానీ పెట్రోలు మాత్రం గటగటా తాగేస్తుంది. రెండో అంకె చిన్నదైతే పరుగు తక్కువ, కానీ నిండు బరువునైనా నింపాదిగా లాక్కొస్తుంది.

ఈ నిజాన్ని వారు పుస్తకంలో చదివి ఊరుకోలేదు. మనుషులకు బదులు ఇసుక బస్తాలు ఎక్కించి, ఎదురుగాలిలో ఒకసారి, వాలుగాలిలో ఒకసారి ప్రతి బోటునూ తిప్పి చూశారు. నిండు బరువుతో కూడా మోటారు తన పూర్తి చుట్లు తిరగగలిగే ప్రొపెల్లరు దొరికేదాకా విప్పుతూ బిగిస్తూనే ఉన్నారు. తీరా అంకెలు చెబితే మనవాళ్లు ముందుదాన్ని వెనకకూ వెనకదాన్ని ముందుకూ మార్చేస్తున్నారని చూసి, చివరికి పేర్లు పెట్టారు. పెద్ద అంకెది 'అల్లుడు'. చూడటానికి దర్జా, ఖాళీగా షికారు తిరగమంటే ముందుంటాడు, బరువెత్తమంటే ఆపసోపాలు పడుతూ ఇంట్లో ఉన్నదంతా తినేస్తాడు. చిన్న అంకెది 'కోడలు'. ఆర్భాటం ఉండదు, ఇంటిల్లిపాదినీ ఈడ్చుకొస్తుంది. కోడలి నెత్తిన ఇంత బరువు పెట్టడం అన్యాయమని మన స్టోరు మేడంగారు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. పేర్లు మాత్రం షెడ్డులో అతుక్కుపోయాయి. ఆనాటికి మూడోవంతుగారి అమ్మాయి ఇంకా బడికి వెళుతోంది. ఇంట్లో అసలు అల్లుడు లేడు గనుక ఆ పేరుకు నొచ్చుకునేవారూ లేరు.

కాలక్రమంలో ఆ అమ్మాయి నర్సు అయ్యింది. దూరపు దీవిలోని ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని ఇల్లంతా సంబరపడుతుంటే, తండ్రిగారు మాత్రం "ఏ బోటు? సరంగెవరు?" అని అడిగి కూర్చుండిపోయారట. ఆ రోజు నుంచి వారి భయానికి ఒక ముఖం వచ్చింది. పొద్దున కూతురు ఎక్కిన బోటు సాయంత్రం జెట్టీకి తగిలేదాకా వారు షెడ్డులో ఏ స్పానరు పట్టుకున్నా, చెవి నీళ్లవైపే ఉండేది. మరికొన్నాళ్లకు ఆమెకు పెళ్లయ్యింది. వరుడు గడియారాలు బాగుచేసే నిపుణులు, నిదానస్తులు. ఈయనంటే మన కార్యాలయంలో అందరికీ గౌరవమే. అందుకే ఎప్పుడు ప్రస్తావన వచ్చినా 'అల్లుడుగారు' అనేవాళ్లం. ప్రొపెల్లరు 'అల్లుడు', మనిషి 'అల్లుడుగారు'. ఆ ఒక్క 'గారు' ఎంత విలువైనదో పన్నెండేళ్ల క్రితం, ఒక చలికాలపు రోజున మనకు తెలిసివచ్చింది.

ఆ రోజు మూడోవంతుగారు కంటి పరీక్ష కోసం సెలవు పెట్టారు. డాక్టరు కళ్లలో మందు వేసి పంపారు. చూపంతా మసక, వెలుతురు చూస్తే నీళ్లు. ఇంట్లో కిటికీలు మూయించి కూర్చున్నా మనసు నిలవక, మధ్యాహ్నం స్టోరుకు ఫోన్ చేశారు.

"బోటు వెళ్లిందామ్మా?"

"వెళ్లిందండి, ఇవాళ కాస్త ఆలస్యంగా. మీ అమ్మాయి కూడా ఎక్కింది. మందుల పెట్టెలు, జనం, నిండుగా ఉంది."

"గాలి ఎలా ఉంది?"

"కాస్త లేచిందండి. మీరేం కంగారు పడకండి. అల్లుడున్నాడుగా, ఝామ్మని తీసుకొచ్చేస్తాడు."

"అల్లుడు కూడా వెళ్లాడా?"

"అవునండి. పొద్దున ఇన్‌స్పెక్టర్లను తొందరగా దింపాలని సరంగే ఎక్కించాడు. మళ్లీ దించలేదు."

షెడ్డులో నిలబడి ఆ మాట విని ఉంటే మూడోవంతుగారు అక్కడికక్కడే కేక పెట్టి ఉండేవారు. కానీ వారు విన్నది ఇంట్లో, తమ కుర్చీలో, పక్కన భార్యామణి ఉండగా. ఇంట్లో ఆ మాటకు వేరే అర్థం ఉంది. పైగా దీవి ఆసుపత్రిలో గోడగడియారం ఆగిపోయిందనీ, తీరిక చూసుకుని వెళ్లాలనీ అల్లుడుగారు అంతకు రెండు రోజుల ముందే అన్నారు. సరంగు ఆయన్ను పొద్దుటి బోటులోనే ఎక్కించుకుని ఉంటాడు, దీవికి కూడా తీసుకువెళుతున్నాడు, అంతే అనుకున్నారు. "అల్లుడు తోడున్నాడట" అని వారు భార్యతో అన్నారు. "పోనీలెండి, ఇవాళైనా నిశ్చింతగా ఉండండి" అన్నారావిడ. తమ సర్వీసు మొత్తంలో, కూతురు నీళ్ల మీద ఉండగా మూడోవంతుగారు కునుకు తీసింది ఆ ఒక్క మధ్యాహ్నమేనని వారే చెబుతారు.

ఎండ వాలుతుండగా వీధి తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. మసక కళ్లకు ఆకారమే గానీ మనిషి తెలియలేదు.

"మామయ్యగారూ, మీ అమ్మాయి ఇంకా రాలేదా? ఇంటి తాళంచెవి తన దగ్గరే ఉండిపోయింది."

గొంతు అల్లుడుగారిదే. అల్లుణ్ణి గుమ్మంలో చూసి కొయ్యబారిపోయిన మామగారు లోకంలో ఇంకొకరు ఉంటారో లేదో మనకు తెలియదు.

"మీరు... మీరు ఇక్కడున్నారా?"

"పొద్దుటి నుంచీ కొట్లోనే ఉన్నానండి. ఏం?"

"మీరిక్కడుంటే, మరి బోటులో ఉన్నదెవరండీ?"

ఆ మాట పూర్తయ్యేలోపే జవాబు వారికి తట్టేసింది. స్టోరు మేడం 'గారు' అనలేదు. ఎంత మర్యాదస్తురాలు, ఏనాడూ అల్లుడుగారిని ఏకవచనంలో పిలవని మనిషి. "ఉన్నాడుగా" అంది. "ఎక్కించాడు" అంది. "దించలేదు" అంది. నిండు బరువు బోటుకు ఆ మాయదారి ప్రొపెల్లరు బిగించి ఉంది. సరంగుకిచ్చిన మూడు క్యాన్లు 'కోడలు' లెక్కన కొలిచినవి. సాయంత్రం ఎదురుగాలి. చీకటి పడకముందే ఆటు మొదలై, ముఖద్వారంలో నీళ్లన్నీ సముద్రంవైపు గుంజుతాయి. కూతురు అందులో ఉంది. తాను నిద్రపోయారు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి కాక ఒక్కసారిగా వారి మీద పడ్డాయి.

"ఏమయిందండీ?" అంటున్నారు భార్య.

"కొంప మునిగింది" అన్నారు వారు. ఆ మాట ఎంత భయంకరమైనదో నోరు జారాక గానీ తెలియలేదు.

అల్లుడుగారి స్కూటరు వెనక కూర్చుని, కళ్లు తెరవలేక మూసుకుని, వారు కార్యాలయానికి చేరారు. వైర్‌లెస్ గదిలో మీట ఎక్కడుందో చేత్తో తడుముకున్నారు. ఏ పటమూ కనిపించదు, గోడ మీది ఆటుపోట్ల వేళలూ కనిపించవు. అల్లుడుగారు గడియారం చూసి వేళ చెబుతుంటే, మిగతాదంతా వారు గుర్తు మీదే లెక్క కట్టారు. కాసేపు గరగర. తరవాత సరంగు గొంతు.

"వస్తున్నామండి. బోటు ఎందుకో బరువుగా ఉంది. మోటారుకు పూర్తిగా రేజు ఇచ్చినా లేవట్లేదు."

"ఏ క్యాను మీద నడుస్తోంది?"

"ఎర్రదాని మీదండి."

"ఎప్పుడు తగిలించావు?"

"దీవి వదిలిన కాసేపటికే."

పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు అన్న లెక్కను అల్లుడు దీవి చుట్టుపక్కలే తినేశాడు. ఇప్పుడు భయానికి దాచిన వంతును తింటున్నాడు. పైగా బోటు లేవడం లేదని సరంగు రేజు పెంచుతున్నాడు. పెంచినకొద్దీ మోటారు మూలుగుతుంది, క్యాను ఖాళీ అవుతుంది, బోటు మాత్రం అంతే పోతుంది.

"రేజు సగానికి తగ్గించు. ఎడమవైపు ఇసుకదిబ్బ కనిపిస్తోందా? దాని చాటుకు వెళ్లి లంగరు వెయ్యి. పెట్రోలుతో మేము వేరే బోటు పంపిస్తాం."

"ఇంకాస్త దూరమేనండి. ముఖద్వారం దాటేస్తే రేవులో ఉన్నట్టే."

"ఆ ఇంకాస్తలోనే ఆటు మొదలవుతుంది. నెమ్మదిగా వస్తే ఎదురు ఈదలేవు, గట్టిగా వస్తే పెట్రోలు చాలదు. ముఖద్వారంలో మోటారు ఆగితే నీ చేతిలో ఏమీ ఉండదు. నా మాట విను."

"జనం ఇంటికెళ్లాలంటున్నారండి. ఈ నీళ్లు నాకు కొత్తా? నాకేం భయం లేదు."

భయం లేనివాడికి ఏం చెప్పి ఆపాలో మూడోవంతుగారికి తోచలేదు. యావత్ సర్వీసులో నేర్చిన లెక్కలన్నీ ఆ క్షణాన ఒక మనిషి రోషం ముందు చేతులెత్తేశాయి. అప్పుడు వైర్‌లెస్‌లో ఇంకో గొంతు వినిపించింది.

"నాన్నా, నేను. నీకెంత భయంగా ఉంది?"

"చాలా భయంగా ఉందమ్మా."

"కొంచెమా, చాలానా? నిజం చెప్పు."

"చాలా, తల్లీ."

"అయితే ఆగుతున్నాం." ఆ తరవాత ఆమె సరంగుతో అన్న మాటలు కూడా మీట నొక్కి ఉండటంవల్ల మనవాళ్లకు వినిపించాయి. "అన్నయ్యగారూ, మా నాన్న రోజూ 'కొంచెం భయంగా ఉంది' అంటారు. రోజూ వెళ్లి వస్తూనే ఉన్నాం. 'చాలా' అనడం నేనెప్పుడూ వినలేదు. దిబ్బవైపు తిప్పండి."

బోటు తిరిగింది. లంగరు పడింది. మన రెండో బోటు 'కోడలు' బిగించుకుని, క్యాన్లు నింపుకుని బయలుదేరింది. వెళ్లేముందు ఆ ప్రొపెల్లరు రెక్కలను మూడోవంతుగారు వంగి వేళ్లతో తడిమి చూసుకున్నారు, పేరు మాట నమ్మే స్థితిలో వారు లేరు. ఇక ఎదురుచూపులు. వైర్‌లెస్ బ్యాటరీ మిగుల్చుకోమని వారే చెప్పడంతో అటునుంచి శబ్దం లేదు. జెట్టీ చివర నిలబడి, కన్నీళ్లు కారుతున్న కళ్లను అరచేత్తో కప్పుకుని, వారు అల్లుడుగారిని అడుగుతూనే ఉన్నారు.

"ఏం కనిపిస్తోందండీ?"

"నీళ్లండి."

"ఇంకా?"

"నీళ్లేనండి, మామయ్యగారూ."

ఈత రాని మనిషి, నీళ్ల దగ్గరికి రావడమే ఇష్టంలేని మనిషి, అల్లుడుగారు ఆ సాయంత్రం జెట్టీ అంచున మామగారి మోచేయి పట్టుకుని నిలబడ్డారు. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చూసేవారికి తెలియలేదు. ఆయన భార్య కూడా ఆ బోటులోనే ఉందన్న సంగతి మనలో చాలామందికి ఆలస్యంగా తట్టింది. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. 'అల్లుడు' అన్న పేరు ఎవరు పెట్టారని ఆయన అడగనైనా లేదు. కాసేపటికి, "రెండు బోట్లు, మామయ్యగారూ" అన్నారు. "సరిగ్గా చూడండి" అన్నారు వారు. "రెండే. ముందు ఒకటి, వెనక ఒకటి. వెనకదాంట్లో తెల్ల చీర."

ఆమె జెట్టీ ఎక్కి, ముందు భర్త చేతిలో తాళంచెవి పెట్టి, "సారీ అండీ, మర్చిపోయి తీసుకెళ్లిపోయాను" అంది. తరవాత తండ్రి దగ్గరికి వచ్చింది. వారు ఆమె తల, భుజాలు, చేతులు తడిమి చూసుకున్నారు, కొద్దిసేపటి క్రితం ప్రొపెల్లరును తడిమినట్టే. సరంగు ఎర్ర క్యానును విప్పి, వెలుతురులో వంచి చూశాడు. అడుగున ఉన్నది ముఖద్వారం సగం దాకా కూడా రాదు. అతను ఆ క్యాను పక్కనే చతికిలబడ్డాడు.

మర్నాడు ఉదయం స్టోరు మేడంగారు కళ్లనీళ్లు పెట్టుకుని, "మీ అల్లుడైతే అల్లుడుగారనేదాన్ని కదండీ" అన్నారు. "తప్పు మీది కాదమ్మా, హాస్యమాడింది నేను" అన్నారు మూడోవంతుగారు. ఆనాటితో ఆ పేర్లు రద్దయ్యాయి. ఇప్పుడు షెడ్డు గోడ మీద వేలాడే ప్రొపెల్లర్ల కింద 'బరువు', 'ఖాళీ' అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. "ఇన్నాళ్లకు నా పరువు దక్కింది మామయ్యగారూ" అని అల్లుడుగారు నవ్వారు. అదే ఉదయం సరంగు బోటు తాళంచెవి కోసం వచ్చి, తల వంచుకుని నిలబడ్డారు. మూడోవంతుగారు తాళంచెవి ఇవ్వకుండా, నెమ్మదిగా అడిగారు.

"భయంగా ఉందా?"

"ఉందండీ."

అప్పుడు తాళంచెవి ఇచ్చారు.

ఆ ప్రశ్న ఆనాటి నుంచి మన రేవులో ఆచారమైపోయింది. కొత్తగా చేరిన సరంగులు మొదట్లో నవ్వేవారు, "భయమేంటండీ" అని ఛాతీ విరిచేవారు. వారికి ఆ పూట తాళంచెవి దక్కేది కాదు; షెడ్డులో కూర్చుని ప్రొపెల్లర్లకు గ్రీజు పూసేవారు. మరుసటి పూటకు జవాబు మారేది. పైకి తమాషాగా కనిపించే ఈ తంతు వెనక మూడోవంతుగారి మనసులో ఏముందో మనకు తెలుసు. ఏ బోటు బయలుదేరినా వారికి ఆ సాయంత్రపు నీళ్లే కనిపించేవి. వారు ఎవరినీ శిక్షించలేదు, ఎవరి మీదా నివేదిక పంపలేదు. ఒంటరిగా భయపడటం వారికి కష్టమైంది. తోడు అడిగారు. అంతే.

సమర్థత, నిజాయితీ, సమయపాలన వంటి సుగుణాలన్నీ వారిలో పుష్కలంగా ఉన్నాయని వేరే చెప్పనక్కర్లేదు. వారు సరిచూసిన ప్రొపెల్లర్లవల్ల పెట్రోలు ఎంతో ఆదా అయ్యిందని పై కార్యాలయం ఒకసారి ప్రశంసాపత్రం కూడా పంపింది. వారు దాన్ని మర్యాదగా తీసుకుని, "ఆదా అయినదాన్ని ఎర్ర క్యానులో పోయించండి" అన్నారు.

నిరుడు వారి అమ్మాయికి ఊళ్లోని ఆసుపత్రికి బదిలీ అవకాశం వచ్చింది. ఆమె దీవినే కోరుకున్నారు. తండ్రిగారు వద్దనలేదు. ఆమె ఇప్పటికీ రోజూ అదే బోటులో, అదే సరంగుతో దాటుతున్నారు. మనకు అర్థంకాని సంగతి, బహుశా మూడోవంతుగారికీ పూర్తిగా అర్థంకాని సంగతి ఇదే: ఇంత భయపడే మనిషి ఆమెను ఎలా పంపగలిగారు, ఆమె ఎలా వెళ్లగలిగారు.

గత సోమవారం వారు షెడ్డు బాధ్యతలు అప్పగించారు. తాళంచెవుల గుత్తి మరొకరి చేతికి వెళ్లింది. మంగళవారం ఉదయం, ఇంకా సర్వీసు మిగిలే ఉంది గనుక, అలవాటు ప్రకారం జెట్టీ దగ్గరికి వచ్చారు. కూతురు బోటు ఎక్కి కూర్చుంది. సరంగు కొత్త పర్యవేక్షకుల దగ్గర తాళంచెవి తీసుకున్నారు. అడిగే హక్కు ఇక తనది కాదని కాబోలు, మూడోవంతుగారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పెదవి బిగబట్టి నిలబడ్డారు. ఇన్నేళ్లలో వట్టి చేతులతో అక్కడ నిలబడటం అదే మొదటిసారి. వారి ముఖంలోకి చూడటానికి మనలో ఎవరికీ ధైర్యం చాలలేదు. మోటారు అందుకుంది, తాడు విప్పారు, బోటు జెట్టీని వదిలింది. కొంతదూరం పోయాక సరంగు రేజు తగ్గించి, లేచి నిలబడి, వెనక్కి తిరిగి, ఎవరూ అడగని ప్రశ్నకు గొంతెత్తి జవాబు చెప్పారు.

"ఉందండీ!"

మూడోవంతుగారు చేయి ఎత్తారు. బోటు ముఖద్వారం వైపు తిరిగింది.

ఇన్నాళ్లూ మనందరి తరఫునా భయపడిన ఆ మనసు ఇక విశ్రమించాలని, వారి కంటిచూపు ఈ నీళ్లంత దూరం సాగాలని, సహధర్మచారిణితో, కుమార్తెతో, అల్లుడుగారితో కలిసి వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు సుఖంగా జీవించాలని, సాయంత్రపు టీ చల్లారకముందే తాగాలని మన కార్యాలయ సిబ్బంది అందరి పక్షాన హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నాం. ఎర్ర క్యాను రోజూ నింపుతాం. వారు ఏ వేళ ఈ దారిన వచ్చి, అలవాటు చొప్పున మనల్ని ఆ మాట అడిగినా, మనందరి జవాబూ ఒకటే: ఉందండీ.